తల తెగిన బోల్ట్: ఎందుకు విరుగుతుంది? ఎలా వస్తుంది?

ఇంజిన్ కవర్ విప్పుతుంటే పానా ఉన్నట్టుండి తేలికైపోతుంది. బోల్ట్ తల చేతిలోకి వస్తుంది, ఒళ్లు మాత్రం ఇంజిన్‌లోనే ఉండిపోతుంది. భివండిలో పద్మానగర్, కామత్‌ఘర్ గల్లీల్లో సెలవు రోజున ఇంటి ముందు బండి విప్పుకుని కూర్చునేవాళ్లకు ఇది తెలిసిన కష్టమే. వెంటనే నోటికొచ్చే ప్రశ్న ‘ఎలా తీయాలి?’ అని. దానికంటే ముందు ఇంకోటి అడగాలి: విప్పుతుంటే విరిగిందా, బిగిస్తుంటే విరిగిందా? తీసే దారి ఆ జవాబును బట్టే తేలుతుంది.

బిగిస్తుంటే ఎందుకు విరుగుతుంది?

చాలావరకు చేతి అలవాటు వల్ల. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ తరాలుగా సాంచెలు నడుపుతున్న మన పద్మశాలీల ఇళ్లలో పానా పట్టడం రానివాళ్లు అరుదు. కానీ ఆ చేతికి తెలిసింది చార్ సూత్ బోల్ట్, అంటే అర అంగుళానిది. పోత ఇనుప ఫ్రేములో దాన్ని ఒంట్లో సత్తువంతా పెట్టి బిగిస్తారు. బిగించాలి కూడా; నాడె అటూ ఇటూ కొట్టుకునే అదురుకు వదులు బోల్ట్ ఎంతోసేపు నిలవదు. బండి ఇంజిన్ కవర్ బోల్ట్ అలాంటిది కాదు. చాలా బళ్లలో అది 6 మిల్లీమీటర్లది, తలకు 8 నంబరు పానా పడుతుంది. మరలు కోయగా మిగిలిన కడ్డీని కొలిస్తే అర అంగుళం బోల్ట్ దీనికి రెండింతల లావు. మెలితిప్పే బలాన్ని ఓర్చుకునే శక్తి మాత్రం రెండింతలతో ఆగదు, వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. ఉక్కు ఒకటే అయినా, సాంచె బోల్ట్ తట్టుకునే బలంలో ఎనిమిదో వంతుకే బండి బోల్ట్ చేతులెత్తేస్తుంది.

ఈ బోల్ట్‌కు మామూలుగా చెప్పే బిగువు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. 12 సెంటీమీటర్ల చిన్న పానా చివర పట్టుకుంటే ఎనిమిది, పది కిలోల బలం పెట్టినట్టు. అడుగు పొడవు రాచెట్ తగిలిస్తే మూడున్నర, నాలుగు కిలోలకే సరిపోతుంది. అంత పొడుగు పిడి మీద నాలుగు కిలోలంటే మణికట్టు కదిలినంత పని. అందుకే చిన్న బోల్ట్‌కు చిన్న పానా వాడాలి.

విప్పుతుంటే ఎందుకు విరుగుతుంది?

దీనికి కారణం వాన. సిరిసిల్లలో ఏడాది పొడుగునా పడేదానికి రెండింతలకు పైగా ఠాణే జిల్లాలో కురుస్తుంది, అదీ ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. వసై ఖాడీ కూడా దూరం కాదు, గాలిలో ఉప్పు ఉంటుంది. ఇంజిన్ ఒళ్లు అల్యూమినియం, బోల్ట్ ఉక్కు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. అందులో అరిగేది అల్యూమినియం. అరిగి తెల్లటి చిలుముగా మారుతుంది. ఆ చిలుముకు అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, ఉన్న చోటేమో మరల సందు. అక్కడే ఇరుక్కుని బోల్ట్‌ను నాలుగు వైపులా నొక్కేస్తుంది. సైలెన్సర్ బోల్ట్‌లకు దీనితో పాటు రోజూ కాలి చల్లారే వేడి కూడా తోడవుతుంది.

మిగిలిన ముక్క ఎంత బిగువుగా ఉంటుంది?

చాలామంది భయపడేంత ఉండదు. బోల్ట్ బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు సగం తల కింది రాపిడికే పోతుంది. నూటికి నలభై పాళ్లు మరల రాపిడికి పోతుంది. మిగిలిన పది పాళ్లే బోల్ట్‌ను సాగదీసి కవర్‌ను పట్టి ఉంచుతుంది. తల తెగగానే ఆ సాగుడు పోతుంది. సాగుడు పోతే మరలను ఒకదానికొకటి అదిమిపెట్టేది ఏమీ ఉండదు. కాబట్టి బిగిస్తుంటే విరిగిన బోల్ట్ లోపల దాదాపు వదులుగానే ఉంటుంది. సన్నటి మొన ఉన్న పంచ్‌ను ముక్క అంచున ఆనించి, గడియారం ముల్లుకు ఎదురు దిక్కున చిన్నగా తడుతూ పోతే అదే తిరిగి పైకి వస్తుంది. పొడవెక్కువ బోల్ట్ వేసి అది రంధ్రం అడుగుకు తన్నుకుని ఉంటే మాత్రం ఇంత సులువు కాదు.

విప్పుతుంటే విరిగిన దాన్ని తుప్పే పట్టుకుని ఉంటుంది. దీనికి ఓపిక కావాలి.

అది ఎలా తీయాలి?

డ్రిల్లు పక్కన పెట్టండి. ముందు ఆయిల్ దించి, మిగతా బోల్ట్‌లు విప్పి, కవర్ తీయండి. బోల్ట్ ఎక్కువగా తల దగ్గరో, మరలు మొదలయ్యే చోటో విరుగుతుంది. తల దగ్గర విరిగితే, కవర్ లేవగానే దాని మందమంత ముక్క బయటికి నిలబడి కనిపిస్తుంది. కవర్ మీదనుంచే డ్రిల్లు దించినవాళ్లు ఈ పట్టును చేజేతులా పోగొట్టుకుంటారు.

ముక్క మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ముక్క నెత్తిన సుత్తెతో నిటారుగా నాలుగు చిన్న దెబ్బలు వేస్తే చిలుము పగిలి నూనె లోపలికి దిగుతుంది. తర్వాత వేడి. స్ప్రే తుడిచి ఆరనిచ్చి, పెట్రోలు ట్యాంకు దింపి దూరంగా పెట్టాకే వేడి మాట. వేడి గాలి గన్ను బోల్ట్ మీద కాదు, చుట్టూ ఉన్న అల్యూమినియం మీద పట్టాలి. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే రెండింతలు వ్యాకోచిస్తుంది. నూరు డిగ్రీలు పెరిగితే 6 మిల్లీమీటర్ల రంధ్రం బోల్ట్ కంటే సుమారు ఏడు మైక్రాన్లు ఎక్కువ తెరుచుకుంటుంది. తలవెంట్రుక మందంలో పదో వంతు. పట్టు వదలడానికి అది చాలు. గ్రిప్ ప్లయర్‌తో పట్టి ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించండి. ఒకే దిక్కున లాగితే మళ్లీ విరుగుతుంది.

అప్పటికీ కదలకపోతే వెల్డింగు షాపుకే వెళ్లాలి. పగిలిన సాంచె భాగాలు అతికే మంచి చేతులు భివండిలో ఉన్నాయి. ముక్క మీద నట్టు పెట్టి దాని నడుమ వెల్డ్ చేస్తారు. ఉక్కు వెల్డ్ అల్యూమినియానికి అంటదు కనుక ఇంజిన్ ఒంటికి అతుక్కోదు. పైగా ఆ వేడికి బోల్ట్ ఉబ్బి, చల్లారుతూ కుంచించుకుని, చిలుముతో బంధం తెంచుకుంటుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీయించడం మరవకండి. ఇప్పటి బళ్లలో ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది.

ముక్క రంధ్రం లోపలే విరిగితే?

అప్పుడే డ్రిల్లు. విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక ముందు దాన్ని చదును చేసి, సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్ గుచ్చాలి. ఇక్కడ ఎంతసేపు పట్టినా తొందరపడకూడదు. గుంట అర మిల్లీమీటరు పక్కకు పడినా బిట్ గట్టి ఉక్కును వదిలి మెత్తటి అల్యూమినియం వైపు జారుతుంది. 2.5 మిల్లీమీటర్ల బిట్‌తో, తక్కువ వేగంతో, నూనె వేస్తూ మొదలుపెట్టండి. ఎడమవైపు తిరిగే బిట్ దొరికితే ఇంకా మంచిది. తొలిచే బలమే విప్పే దిక్కున ఉంటుంది, చాలాసార్లు ముక్క దానంతటదే తిరిగి వస్తుంది.

హార్డ్‌వేర్ దుకాణంలో మొదట చేతికిచ్చేది ఎక్స్‌ట్రాక్టర్. నేనైతే దాన్ని చిన్న బోల్ట్‌లకు వద్దనే అంటాను. తుప్పు పట్టిన బోల్ట్ లావుగా ఉన్నప్పుడే తిరగలేదు. దాని నడుమ దూరేంత సన్నటి పుల్ల దాన్ని తిప్పగలదా? అది బాగా గట్టిపరిచిన ఉక్కు, వంగదు, పుటుక్కున విరుగుతుంది. లోపల విరిగితే మామూలు బిట్ దాని మీద గీత కూడా పెట్టలేదు. అంతకంటే 5 మిల్లీమీటర్ల దాకా మెల్లగా తొలుచుకుంటూ పోవడం నయం. అప్పుడు బోల్ట్‌లో పలచటి చుట్ట మాత్రమే మిగులుతుంది, సూదిమొనతో లాగితే వస్తుంది. తర్వాత 6 మిల్లీమీటర్ల టాప్ తిప్పి మరలు శుభ్రం చేయాలి. మరలు పాడైతే 6.3 బిట్‌తో పెద్దది చేసి, దాని కొలతకే వచ్చే టాప్ తిప్పి, హెలికాయిల్ వేయించుకోవచ్చు. ఉక్కు చుట్ట కాబట్టి అది అసలు మరల కంటే గట్టిగానే నిలుస్తుంది.

కొత్త బోల్ట్ వేసేముందు రంధ్రంలో నూనె మిగలకుండా తుడవండి. అడుగు మూసుకున్న రంధ్రంలో నూనె ఉంటే దిగే బోల్ట్ దాన్ని నొక్కుతుంది, పోవడానికి దారిలేని నూనె ఇంజిన్ ఒంటినే చీల్చగలదు. మరలకు మాత్రం పలచగా గ్రీజు రాసి, బిగువు కాస్త తగ్గించండి. మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. పొడవు కూడా చూసుకోవాలి: అల్యూమినియంలో కనీసం 9 మిల్లీమీటర్ల మర పట్టాలి, అడుగుకు మాత్రం తగలకూడదు. ఒకే కవర్‌కు వేర్వేరు పొడవుల బోల్ట్‌లు ఉంటాయి కనుక, విప్పేటప్పుడే అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్ట్‌ను ఆ చోటే గుచ్చి పెట్టుకోండి.