వంకరగా కనిపించే తిన్నని దారి

భూమికి మన భాషలో ‘భూగోళం’ అనే పేరు అనాదిగా వాడుకలో ఉన్నది. కడిమి పూబంతి చుట్టూ పూరేకులు నిండి ఉన్నట్లే భూగోళం చుట్టూ ప్రాణికోటి నెలకొని ఉన్నదని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో పోల్చి చెప్పాడు. భూమి గుండ్రన అనే మాట పసితనంలోనే ప్రతి విద్యార్థి చెవిన పడుతుంది. అయినా పాఠశాల గోడమీద వేలాడేది గోళం కాదు, పటం. కంటికి నిత్యమూ కనిపించే పటమే క్రమంగా మనస్సులో నిలిచిపోతుంది. గోళమని నేర్చుకొన్న భూమిని పలకవలె ఊహించుకోవడం ఇందువల్లనే అలవాటవుతుంది.

కృష్ణా డెల్టా దిగువ భాగంలో నివసించేవారికి ఈ అలవాటు మరింత సహజం. గుడివాడ నుంచి మచిలీపట్నం వరకు, ఇటు దివిసీమ చివరన ఉన్న హంసలదీవి వరకు నేల అరచేతివలె చదునుగా ఉంటుంది. మంగినపూడి తీరాన నిలిచి, సముద్రంలోకి దూరంగా సాగిపోయే పడవను గమనించినప్పుడు మాత్రం భూమి వంపు తెలిసివస్తుంది. మొదట పడవ అడుగుభాగం, ఆ తరువాత పైభాగం కనుమరుగవుతాయి. గుడివాడకూ మచిలీపట్నానికీ మధ్య తిన్నగా కొలిస్తే దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఇంత కొద్ది మేరలో భూమి వంపు లెక్కకు రాదు. అందుచేత పొలం హద్దులకూ, పంట కాలువలకూ, ఊళ్ల నడుమ రహదారులకూ గీసిన పటాలు మనలను మోసగించవు. చిక్కు వచ్చేది ఖండాంతరాలను ఒకే కాగితంమీద చూపవలసి వచ్చినప్పుడే.

ఈ ప్రాంతం నుంచి చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్లినవారు అనేకులు. బిడ్డ విమానమెక్కిన రాత్రి తల్లిదండ్రులు సెల్‌ఫోన్‌లో ఆ విమానం జాడను చూస్తూ కూర్చోవడం నేడు ఎన్నో ఇళ్లలో కనిపించే దృశ్యం. తెరమీద ఆ దారి విల్లువలె వంగి, ఉత్తరాన మంచు ప్రదేశాలవైపు ఎగబాకి, మళ్లీ కిందికి దిగుతుంది. పడమరగా ఉన్న దేశానికి ఉత్తరం చుట్టి పోవడమెందుకు? తిన్నగా పోతే త్వరగా చేరరాదా? ఈ సందేహం సహజమైనది. అయితే చుట్టుదారి అనిపించేదే నిజానికి దగ్గరిదారి. వంకర ఉన్నది విమానం నడకలో కాదు, పటంలో.

దీనిని నిరూపించడానికి ఒక గ్లోబు, ఒక మూర దారం చాలు. దారం ఒక కొసను మచిలీపట్నం ఉన్న చోట, రెండవ కొసను న్యూయార్కు మీద ఆనించి బిగించాలి. బిగువైన దారం రెండు స్థానాల నడుమ అతి తక్కువ దూరాన్ని తనంతట తానే వెదుక్కొంటుంది. అది అరేబియా మీదుగా, సహారా ఎడారి మీదుగా పోదు. మధ్య ఆసియాను, రష్యాను దాటి, స్కాండినేవియా ఉత్తర భాగాన్ని తాకి, గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం మీదుగా కెనడాలోకి దిగుతుంది. ఈ దారి పొడవు సుమారు 13,200 కి.మీ. దిక్సూచి చూపే దిశను ఏమాత్రం మార్చకుండా, గోడపటంమీద తిన్నగా కనిపించే గీతవెంట పడమరకు ప్రయాణిస్తే దూరం సుమారు 15,200 కి.మీ. అవుతుంది. అంటే పటాన్ని నమ్మిన పైలటు రెండు వేల కిలోమీటర్లు అదనంగా ప్రయాణించవలసి ఉంటుంది. విమాన వేగాన్నిబట్టి చూస్తే అది రెండు గంటలకు మించిన కాలం.

అదే దారాన్ని మచిలీపట్నం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బిగిస్తే మరొక విశేషం కనబడుతుంది. గోడపటంలో శాన్‌ఫ్రాన్సిస్కో ఎడమవైపు అంచున, న్యూయార్కుకన్నా పడమరగా ఉంటుంది. దారం మాత్రం టిబెట్, మంగోలియా, సైబీరియాల మీదుగా అలాస్కా చేరి అక్కడికి వెళ్తుంది. మచిలీపట్నం నుంచి న్యూయార్కుకు బయలుదేరవలసిన దిశ ఉత్తరానికి పడమరగా సుమారు 22 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరవలసిన దిశ ఉత్తరానికి తూర్పుగా సుమారు 22 డిగ్రీలు. అమెరికా రెండు తీరాలలో ఉన్న ఈ నగరాలు రెండూ మన డెల్టాకు ఇంచుమించు ఉత్తర దిక్కునే ఉన్నాయన్న మాట! గోళంమీద రెండు స్థానాల గుండా పోతూ, భూమిని సరిగ్గా రెండు సమభాగాలుగా విభజించే వృత్తాన్ని మహావృత్తం అంటారు. ఆ రెండు స్థానాలను కలిపే అతి దగ్గరిదారి ఈ మహావృత్తంలోని చిన్న చాపమే.

తిన్నని దారి పటంలో ఎందుకు వంగుతుంది? రేఖాంశాలు భూమధ్యరేఖ వద్ద ఎడంగా ఉండి, ధ్రువాలవైపు పోయేకొద్దీ దగ్గరగా వచ్చి, చివరకు ధ్రువం వద్ద కలిసిపోతాయి. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ మీద సుమారు 111 కి.మీ., మచిలీపట్నం ఉన్న అక్షాంశం మీద సుమారు 107 కి.మీ., 60 డిగ్రీల అక్షాంశం మీద 56 కి.మీ. మాత్రమే. న్యూయార్కు చేరాలంటే దాదాపు 155 డిగ్రీల రేఖాంశాలను దాటాలి. అవి దగ్గరదగ్గరగా ఉన్న ఉత్తర ప్రాంతంలో దాటడమే లాభం. మనకు పరిచితమైన గోడపటంలోనేమో రేఖాంశాలు ధ్రువాల దాకా ఒకే ఎడంతో నిలువు గీతలై నిలుస్తాయి. ఉత్తరాన ఉన్న కొద్దిపాటి దూరాన్ని పటం సాగదీసి చూపుతుంది. ఆ సాగదీతే మనకు వంకరగా కనబడుతుంది.

గోళంమీది రూపాన్ని సమతలంమీదికి తెచ్చే పద్ధతిని ప్రక్షేపం అంటారు. ఏ ప్రక్షేపమైనా ఏదో ఒక లోపం లేకుండా ఉండదు. బత్తాయి తొక్కను చిరగకుండా వలిచి బల్లమీద పరచబోతే ఈ సంగతి బోధపడుతుంది. తొక్క చిరగనైనా చిరగాలి, సాగనైనా సాగాలి. గోళతలంమీది దూరాలన్నిటినీ ఉన్నవి ఉన్నట్లుగా సమతలంమీద నిలపడం అసాధ్యమని జర్మను గణితవేత్త గౌస్ 1827లో వెలువరించిన సిద్ధాంతం వల్ల స్థిరపడింది. ఆకృతి, వైశాల్యం, దూరం, దిశ అనే నాలుగింటిలో ఏదో ఒకటి దక్కించుకోవాలంటే మరొకటి వదులుకోక తప్పదు. ఏది ఉంచుకొని ఏది వదిలాడన్నదాన్నిబట్టే పటం గీసినవాని ప్రయోజనం తెలుస్తుంది.

ఈ చర్చకూ మన డెల్టాకూ ప్రాచీనమైన సంబంధం ఉన్నది. క్రీ.శ. రెండవ శతాబ్దంలో టాలెమీ రచించిన భూగోళ గ్రంథంలో ఈ తీర ప్రాంతం ‘మైసోలియా’గా పేర్కొనబడింది. అందులోని ‘కొంటకొస్సిల’ అనే వర్తక స్థానం దివిసీమ ప్రాంతంలోని ఘంటసాలయే అని పండితులు గుర్తించారు. ప్రాకృత శాసనాలలో కనిపించే ‘కంటకసేల’ అనే పేరు ఇందుకు ఊతమిస్తున్నది. గోళాన్ని సమతలంపైకి తెచ్చే పద్ధతులను కూడా టాలెమీ అదే గ్రంథంలో వివరించాడు. అయితే అతని లెక్కల ప్రకారం గీసిన పటంలో భారత ద్వీపకల్పం దాదాపు అణగిపోయి, సింహళం మాత్రం మహాద్వీపంలా పెరిగిపోయింది. ఇది ప్రక్షేపం వల్ల వచ్చిన దోషం కాదు. నావికుల నుంచి, వర్తకుల నుంచి అందిన కొలతలు సరిగా లేకపోవడం వల్ల కలిగిన దోషం. తెలియకపోవడం వల్ల వచ్చే తప్పును కొత్త కొలతలు దిద్దుతాయి. ప్రక్షేపం వల్ల వచ్చే వికారాన్ని ఎంత కచ్చితమైన కొలతలైనా తొలగించలేవు. ఈ రెండింటి మధ్య భేదాన్ని విద్యార్థులు గుర్తించాలి.

నేడు గోడలమీద విరివిగా కనిపించే పటానికి మూలపురుషుడు గెరార్డస్ మెర్కేటర్. ఆయన 1569లో తన ప్రపంచ పటాన్ని ప్రకటించాడు. దాని గణిత రహస్యాన్ని ఎడ్వర్డ్ రైట్ అనే ఆంగ్లేయుడు 1599లో వివరించాడు. ఆ తరువాత పన్నెండేళ్లకు, 1611లో, ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మచిలీపట్నం రేవుకు వచ్చింది. ఆ ఓడ పేరు ‘గ్లోబ్’! ఆనాటి నావికునికి ప్రధానమైన సాధనం దిక్సూచి. ఒకే దిశను పట్టుకొని సాగిపోయే దారి తన పటంలో సరళరేఖగా కనబడితే అతనికి అంతకుమించి కావలసింది లేదు. మెర్కేటర్ పటం సరిగ్గా ఆ సౌకర్యాన్నే కల్పించింది. బయలుదేరే రేవునూ చేరవలసిన రేవునూ కలిపి గీత గీసి, ఆ గీత చేసే కోణాన్ని కొలిచి చుక్కాని పట్టవచ్చు. దూరం కొంత పెరిగినా దారి తప్పే భయం తగ్గుతుంది. అందువల్ల మెర్కేటర్ పటాన్ని అసత్యమని నిందించడం న్యాయం కాదు. అది నావికుని కోసం పుట్టిన పనిముట్టు. ఆ పనిముట్టును అన్ని పనులకూ వాడబోవడమే పొరపాటు.

ఈ పొరపాటు ఫలితం దారుల విషయంలోనే కాక దేశాల పరిమాణంలోనూ కనబడుతుంది. మెర్కేటర్ పటంలో 60 డిగ్రీల అక్షాంశం వద్ద పొడవు వెడల్పులు రెండూ రెట్టింపై, వైశాల్యం నాలుగింతలుగా కనిపిస్తుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో సరితూగుతున్నట్లు తోస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు పద్నాలుగు రెట్లు. మన భారతదేశం కూడా గ్రీన్‌లాండ్‌కు ఒకటిన్నర రెట్లు ఉన్నా, పటంలో అందులో ఇమిడిపోయేంత చిన్నదిగా అగుపిస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరి దేశాలు చిన్నవిగా, ఉత్తరపు దేశాలు పెద్దవిగా చూడడానికి తరతరాల విద్యార్థుల కళ్లు అలవాటుపడ్డాయి. చూపులో మొదలైన తారతమ్యం భావనలోకి ప్రవేశించడం కష్టమేమీ కాదు. జర్మనీకి చెందిన ఆర్నో పీటర్స్ 1973లో వైశాల్యాలను సరిగా చూపే పటాన్ని ప్రచారంలోకి తెచ్చి ఈ వివాదాన్ని రేకెత్తించాడు. ఆ పటంలో వైశాల్యాలు నిలిచాయి కాని, ఖండాల ఆకృతులు సాగిపోయాయి.

మహావృత్తమే దగ్గరిదారి అయినా విమానాలు ఎప్పుడూ దానినే అంటిపెట్టుకొని పోవు. ఆకాశంలో చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ప్రచండంగా వీచే గాలులున్నాయి. ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారికి బదులు పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 15,300 కి.మీ.కు పెరిగినా, గాలి వెన్ను తట్టడం వల్ల ప్రయాణకాలం తగ్గింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నడిచిన తొలి విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ అనే నలుగురు మహిళా పైలట్లు దానిని నడిపారు. ఆ రెండు నగరాల నడుమ అతి తక్కువ దూరం సుమారు 14,000 కి.మీ. కాగా, ఆ విమానం సుమారు 16,000 కి.మీ. ప్రయాణించింది. గాలుల గతి, ఆపద వేళ దిగడానికి అందుబాటులో ఉండే విమానాశ్రయాలు, దేశాల గగనతల ఆంక్షలు, విపరీతమైన చలిలో ఇంధనం గడ్డకట్టే ప్రమాదం మొదలైనవన్నీ ఆలోచించి దారిని నిర్ణయిస్తారు.

గోళ జ్ఞానం అవసరమేమిటో తెలిపే మరొక సంఘటన 2023 జూన్ 6న జరిగింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానంలో ఇంజను సమస్య తలెత్తి, 216 మంది ప్రయాణికులతో, 16 మంది సిబ్బందితో అది రష్యాలోని మగదాన్‌లో క్షేమంగా దిగింది. గోడపటంలో శాన్‌ఫ్రాన్సిస్కో ఎడమ అంచున ఉంటే మగదాన్ కుడి అంచున ఉంటుంది. అమెరికా వెళ్లవలసిన విమానం అక్కడెలా తేలిందని, దారి తప్పిందేమోనని ఇంటివద్ద ఉన్నవారు కంగారుపడడానికి ఆ పటం ఒక్కటే చాలు. గ్లోబు ఎరిగినవారికి మాత్రం సైబీరియా తూర్పుకొస అమెరికా పడమటి తీరానికి పోయే దారిలోనిదే అని తెలుస్తుంది. విమానం దారి తప్పలేదన్న నిశ్చయమైనా వారికి మిగులుతుంది.

ప్రయోజనాన్నిబట్టి నేడు పలు ప్రక్షేపాలు వాడుకలో ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి పతాకంమీది పటం ఉత్తర ధ్రువాన్ని కేంద్రంగా చేసుకొని గీసినది. ఆ కేంద్రం నుంచి ఏ స్థలానికైనా దూరమూ దిశా అందులో సరిగా ఉంటాయి. ఇతర స్థలాల నడుమ దూరాలకు ఆ హామీ లేదు. అంధగజన్యాయం మనకు తెలిసినదే. ఏనుగును తడిమిన ప్రతి అంధుడూ ఒక నిజాన్నే చెప్పాడు, అయితే దానినే సమస్తమనుకొన్నాడు. పటాలూ అంతే. ఒక్కొక్క పటం భూమిని గురించి ఒక్కొక్క నిజం చెబుతుంది.

కాబట్టి పటాన్ని చూసినప్పుడు అది ఎవరికోసం, ఏ పనికోసం గీసినదో ముందుగా విచారించాలి. దూరమూ దారీ తెలుసుకోదలచినవారు గ్లోబు దగ్గరకు పోవాలి. ప్రతి పాఠశాలలోనూ గోడపటం పక్కన ఒక గ్లోబు, దానికి కట్టిన ఒక దారం ఉన్నట్లయితే, దూరదేశాలలో ఉన్న తమవారు ఏ దిక్కున ఉన్నారో డెల్టా పిల్లలు ఉత్తరంవైపు చేయి చాచి చూపగలుగుతారు.