కంచంలో సంగటి, ఛాతీలో ఊపిరి

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం తెరిచింది 1915లో. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి పెద్ద. క్షయకు మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అప్పటిదాకా చికిత్స అంటే మంచి గాలి, విశ్రాంతి, పుష్టిగా తిండి. గాలికేమో సుమారు 700 మీటర్ల ఎత్తున్న ఆ కొండనేల ఉండనే ఉంది. ఇక శానిటోరియాల్లో రోజులు లెక్కపెట్టింది తూకంతోనే. రోగి బరువు పెరిగితే ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చేది.

క్షయ అంటేనే తరిగిపోవడం. ఆయుర్వేదంలో రాజయక్ష్మ అనే ఈ జబ్బుకు చరక సంహిత చెప్పిన నాలుగు కారణాల్లో ఒకటి విషమాశనం, అంటే వేళాపాళా లేని, తీరు తప్పిన తిండి.

తిండి మానేసే జబ్బు గురించి వైద్యగ్రంథంలో తొలి వర్ణన ఎక్కడుందో తెలుసా? క్షయ మీద రాసిన పుస్తకంలోనే! 1689లో లండన్ వైద్యుడు రిచర్డ్ మోర్టన్ తన గ్రంథంలో ఎముకలగూడైన ఓ పద్దెనిమిదేళ్ల పిల్ల గురించి రాశాడు. ఆమెకు దగ్గు లేదు, జ్వరం లేదు, చిక్కిపోవడమే. ఇప్పుడు దాన్ని అనోరెక్సియా నెర్వోజా అంటున్నాం.

ఆ 'జ్వరం లేదు' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తిండి బాగా తగ్గిన ఒంట్లో ఎముక మజ్జ నీరసిస్తుంది, తెల్లరక్తకణాలు పడిపోతాయి. నిమోనియా వచ్చినా ఒళ్లు కాలకపోవచ్చు. జ్వరం పుట్టించడానికీ శక్తి కావాలి కదా! ఊపిరికి పనిచేసే కండరాలూ కరిగిపోతాయి, దగ్గి కఫాన్ని బయటికి నెట్టే బలం ఉండదు. తిన్నది కక్కేసే అలవాటున్న వాళ్లకు ఆ పదార్థం ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడ చీము పట్టే ప్రమాదం ఉంది.

మరో సంగతి. బాగా చిక్కిన మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడమూ ముప్పే. రక్తంలో ఫాస్ఫరస్ హఠాత్తుగా పడిపోయి ఊపిరాడకపోవచ్చు, గుండె తడబడవచ్చు. అందుకే డాక్టర్ల కనుసన్నల్లో కొంచెం కొంచెంగా పెంచుతూ పోతారు.

మళ్లీ క్షయ దగ్గరికి వస్తే, తిండి బలమెంతో జార్ఖండ్‌లో తేలింది. క్షయ రోగుల ఇళ్లలో మిగతా వాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ జబ్బు రావడం 39 శాతం తగ్గింది. 2023లో ఈ ఫలితం వెలువడింది. ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగికి తిండి కోసం నెలనెలా ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. నా మటుకు ఇది మందుతో సమానమైన ఖర్చు.

ఇంట్లో పిల్ల కంచంలో గిల్లి వదిలిన సంగటి ముద్ద ఆరిపోతూ ఉంటే, అడిగితే "తినేసినాలేమా" అంటూ లేచిపోతూ ఉంటే, గాజులు మోచేతిదాకా జారుతూ ఉంటే తిట్టకండి, పక్కన కూర్చోండి. దగ్గు గానీ ఆయాసం గానీ కనబడితే జ్వరం లేదుగదా అని ఆగకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. మనసు విప్పి మాట్లాడుకోవడానికి టెలీ మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు.