కంటికి కనిపించని నాలుగు శత్రువులు: పేరు తెలిస్తేనే మందు తెలుస్తుంది



పురుగులు చస్తున్నాయని మందుల అంగడికి పోతే ఒకరు వైరస్ అంటారు, ఇంకొకరు బ్యాక్టీరియా అంటారు, మరొకరు ఫంగస్ అంటారు. గుడ్ల కేంద్రంలో స్పోర్ అనే మాట వినబడుతుంది. మనం అన్నిటినీ కలిపి "క్రిమి" అనేస్తాం. కానీ ఇవి నాలుగూ వేర్వేరు జాతులు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాన్ని తాకను కూడా తాకదు. పేరు తప్పితే మందు డబ్బూ పోతుంది, పంటా పోతుంది. అందుకే ఈసారి ఈ మాటల గురించే చెప్పుకుందాం.

*ముందు కొలత*

మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాన్. మైక్రాన్‌ను మళ్ళీ వెయ్యి భాగాలు చేస్తే నానోమీటరు. మన గూటి నుంచి వచ్చే ఒంటి పోగు మందం సుమారు 20 మైక్రాన్లు. ఆ పోగునే కొలబద్దగా పెట్టుకుందాం. పోగు అడ్డంగా పెబ్రిన్ స్పోర్లు పొడవునా పేరిస్తే ఐదారు పడతాయి. బ్యాక్టీరియాలు పక్కపక్కన నిలబెడితే ఇరవై దాకా పడతాయి. పాలరోగం వైరస్ కడ్డీలైతే 250 పడతాయి.

*1. వైరస్: పాలరోగం*

కోలారు వైపు హాలుతొండె అంటారు. కణుపులు ఉబ్బి, చర్మం మెరిసి, పురుగు తట్ట అంచుల మీద తిరుగుతుంది. గిచ్చితే పాలలాంటి ద్రవం కారుతుంది. ఈ వైరస్ ఒంటరిగా ఉండదు. చాలా కడ్డీలు కలిసి సుమారు 3 మైక్రాన్ల గట్టి గింజలో దాక్కుంటాయి. ఆ గింజ పేరు పాలిహెడ్రా. పురుగు కడుపు సున్నపు నీళ్ళలా క్షార గుణంతో ఉంటుంది కాబట్టి, ఆకుతోపాటు లోపలికి పోయిన గింజ అక్కడ కరిగి వైరస్ బయటపడుతుంది. బయట దుమ్ములో మాత్రం ఆ గింజ చాలా కాలం చెక్కు చెదరదు. సున్నపు నీళ్ళు తగిలితే బయట కూడా ఆ పెంకు కరుగుతుంది, పెంకు పోయిన వైరస్ ఎక్కువ కాలం నిలవదు. మన పెద్దలు సున్నాన్ని వదలకపోవడానికి ఇదే కారణం. వైరస్‌కు ఆంటీబయాటిక్ పనిచేయదు. ఎవరు అమ్మినా కొనొద్దు.

*2. బ్యాక్టీరియా: సప్పె రోగం*

పురుగు మెత్తబడి, ఆకు మానేసి, కక్కి, పారి, చచ్చాక నల్లబడి కంపు కొడుతుంది. తడి ఆకు, ముదురు ఆకు, ఎక్కువ వేడి, గాలి ఆడని గది, ఇవన్నీ దీనికి దారి తీస్తాయి. ఆంటీబయాటిక్ అనే మాట వర్తించేది బ్యాక్టీరియాకే. అదైనా ఆకు, గాలి సరిచేయకపోతే నిలవదు. సప్పె రోగంలో వైరస్ రకం కూడా ఉంది, కాబట్టి చూపించకుండా మందు వేయొద్దు.

*3. ఫంగస్: సున్నకట్టు రోగం*

ఇది బూజు జాతి. నోటి ద్వారా కాదు, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. చచ్చిన పురుగు గట్టిపడి సున్నంముక్కలా తెల్లబడుతుంది. ఆ తెలుపంతా 2, 3 మైక్రాన్ల విత్తనాల పొడే. గాలి వీస్తే పక్క తట్టకు పోతుంది. అందుకే తెల్లబడకముందే ఏరేయాలి. వానాకాలం, చలికాలం తేమలో ఎక్కువ. ఈ రోగానికి కారణం ఒక సూక్ష్మజీవి అని 1835లో ఇటలీలో బాస్సి నిరూపించాడు. ఆయన పేరు మీదే దీన్ని బ్యూవేరియా బాసియానా అంటారు.

*4. మైక్రోస్పోరిడియా: పెబ్రిన్, గంటు రోగం*

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. స్పోర్ అంటే గట్టి పెంకులో నిద్రపోతున్న క్రిమి. తల్లి చిట్ట నుంచి గుడ్డులోకే పోతుంది. ఒక చిట్ట 400 నుంచి 500 గుడ్లు పెడుతుంది కదా, లెక్క మీరే వేసుకోండి. పురుగులు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి, జ్వరానికి ఒకేసారి కూర్చోవు. కంటితో మాత్రం ఖాయం చేయలేం, మైక్రోస్కోపు కావాల్సిందే. 1865 నుంచి ఫ్రాన్స్‌లో ఈ రోగం మీద పనిచేసిన పాశ్చర్, తల్లి చిట్టను నూరి చూసి మంచి గుడ్లను వేరుచేసే పద్ధతి చూపించాడు. మనం కొనే డి.ఎఫ్.ఎల్. గుడ్ల వెనక ఉన్న పరీక్ష అదే. పంటలో పెబ్రిన్ తేలితే మందు లేదు. పురుగులన్నిటినీ కాల్చాలి లేదా పూడ్చాలి, రేషం శాఖకు చెప్పాలి. దాచిపెడితే పక్కింటి పంటా పోతుంది.

*డబ్బా మీద పేరు చదవండి*

టమాటా, కూరగాయల తోటలకు "జీవ మందు" అని అమ్మే డబ్బాల మీద ఇవే పేర్లు ఉంటాయి. బ్యూవేరియా బాసియానా అని ఉంటే అది సున్నకట్టు క్రిమే. బాసిల్లస్ తురింజియెన్సిస్, లేదా బి.టి. అని ఉంటే అది పట్టుపురుగును చంపే బ్యాక్టీరియా. 1901లో జపాన్‌లో దాన్ని మొదట కనిపెట్టిందే రోగం తగిలిన పట్టుపురుగుల్లో. మనిషికి హాని లేదన్న మాట విని మోసపోవద్దు, మన పురుగుకు విషమే. పక్క పొలం అన్నతో ముందే మాట్లాడుకోండి. మల్బరీ వైపు గాలి వీస్తున్నప్పుడు కొట్టొద్దని అడగండి. వాళ్ళు కొట్టి ఉంటే గట్టు పక్క ఆకు కోయొద్దు.

*నాలుగిటికీ కలిపి చేయాల్సింది*

• పంట దిగగానే ఇల్లు, తట్టలు, చంద్రికెలు కడిగి మందు కొట్టాలి. 100 లీటర్ల నీళ్ళకు తాజా బ్లీచింగ్ పౌడర్ 2 కిలోలు, ఆరిన సున్నం 300 గ్రాములు.
• రోగం పురుగును చేత్తో కాక పుల్లతో ఏరి, సున్నం, బ్లీచింగ్ కలిపిన నీళ్ళ గిన్నెలో వేయాలి. కోళ్ళకు వేయొద్దు, దిబ్బలో పారేయొద్దు.
• పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పడక మీద సున్నం చల్లి పొడిగా ఉంచాలి.
• అనుమానం వస్తే నాలుగైదు పురుగులు తీసుకుని దగ్గరి రేషం కేంద్రానికి పోండి. ముందు పరీక్ష, తర్వాతే మందు.

ఈ రోగాలను మీ ఊళ్ళో ఏ పేర్లతో పిలుస్తారో మాకు రాసి పంపండి. వచ్చే సంచికల్లో ఆ పేర్లూ కలుపుతాం.