కాలిబాటకు నిత్యనిధి

మానవుడు నేలపై సంచరించుటకు కల్పించుకొనిన సాధనములలో సైకిలునకు మించిన మితవ్యయ సాధనము వేఱొకటి లేదు. సమతలమైన బాటమీద నడచువాడు ఒక కిలోమీటరునకు వెచ్చించు దేహశక్తిలో నాల్గవ వంతుతోనో, అయిదవ వంతుతోనో సైకిలు తొక్కువాడు అంతదూరమును పోగలడు. పైగా వేగము నడకకు మూడింతలు. ఈ మూడింతల వేగము ఊరి విస్తీర్ణముపై ఎట్టి ప్రభావము చూపునో సామాన్యగణితమే చెప్పును. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడచువాడు పావుగంటలో 1.25 కిలోమీటర్లు పోవును. అతని యిల్లు కేంద్రముగా గీచిన వృత్తమున సుమారు 5 చదరపు కిలోమీటర్ల ప్రదేశము అతనికి అందుబాటులో నుండును. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున సైకిలుపై పోవువానికి ఆ వ్యాసార్ధము 3.75 కిలోమీటర్లగును, వృత్తవైశాల్యము వ్యాసార్ధముయొక్క వర్గము ననుసరించి పెరుగును గనుక, అతని అందుబాటులోని ప్రదేశము తొమ్మిదింతలై 44 చదరపు కిలోమీటర్లకు విస్తరించును. పాతిక ముప్పది వేల జనులు నివసించు పట్టణము సాధారణముగా ఇంతకన్న పెద్దది కాదు. బడి, అంగడి, ఆసుపత్రి, పంచాయతి కచేరి, బస్సు నిలయము సమస్తమును పావుగంటలో ఇముడునంతటి యీ సౌలభ్యమును మహానగరములు ఎంత ధనము ధారపోసినను పొందజాలవు. చిన్న ఊరికి అది పుట్టుకతోనే సంక్రమించినది.

ఇట్టి సంపదను అనుభవింపనీయక అడ్డుపడునది దూరము కాదు, భయము. ఆ భయమునకు భౌతికశాస్త్రమున దృఢమైన ఆధారము కలదు. కదలుచున్న వాహనముయొక్క గతిశక్తి దాని వేగముయొక్క వర్గముతో పాటు హెచ్చును. గంటకు 30 కిలోమీటర్ల వేగమనగా, మూడున్నర మీటర్ల ఎత్తునుండి జారిపడిన వస్తువు నేలను తాకునప్పటి వేగము. 50 కిలోమీటర్ల వేగమనగా దాదాపు 10 మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి పడినప్పటి వేగము. ఏ తల్లియు తన బిడ్డను మేడ అంచున నడువనీయదు. వేగముగ పోవు లారీల ప్రక్కన సైకిలు తొక్కనీయకపోవుటయు ఆ వివేకమే. కావున దారుల ప్రణాళికకు మొదటి సూత్రము దీనినుండియే పుట్టినది: వాహనవేగమును 30 కిలోమీటర్లకు లోబరచగలిగిన వీధులలో అందఱును కలిసి సంచరింపవచ్చును, అట్లు లోబరచ వీలులేని రహదారులపై నడచువారికిని, సైకిలువారికిని వేఱుదారి కల్పించి తీరవలెను.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో సైకిళ్లకు వీధిలో వేఱు పట్టీలు గీచిన మొట్టమొదటి ఊరు కాలిఫోర్నియాలోని డేవిస్. శాక్రమెంటో నగరమునకు పడమర, బల్లపరుపు వ్యవసాయభూముల నడుమ, విశ్వవిద్యాలయము నాశ్రయించి పెరిగిన యీ పట్టణమున 1960 నాటి జనాభా లెక్కలలో 8,910 మంది యుండగా, 1970 నాటికి వారు 23,488 మందియైరి. విశ్వవిద్యాలయ ఛాన్సలరు ఎమిల్ మ్రాక్, విద్యార్థులు సైకిళ్లపై వత్తురను తలంపుతోనే ప్రాంగణమును రూపొందింపవలసినదని వాస్తుశిల్పులను కోరియుండెను. కాని ప్రాంగణము దాటి వీధిలోనికి వచ్చినంతనే విద్యార్థి కార్ల ప్రవాహములో పడుచుండెను. హాలెండులో ఒక సంవత్సరము గడపి వచ్చిన ఒక ఆచార్యుని కుటుంబము 1964 ప్రాంతమున ఈ లోపమును ప్రస్తావింపగా, ఇరుగుపొరుగువారు కూడి, సంతకములు సేకరించి, పురపాలక మండలికి విన్నవించిరి. నాటి మండలి పెడచెవిని పెట్టినది. 1966 ఎన్నికలలో ఆ ప్రశ్నయే ఓటర్ల ముందునకు వచ్చి, సైకిలుదారులను సమర్థించినవారు గెలిచిరి. రాష్ట్ర చట్టమున తగు మార్పు జరిగిన పిమ్మట 1967లో దారులు వెలసెను.

అటుపై జరిగినది విజ్ఞానప్రియులకు విశేషముగా రుచించు ఘట్టము. ఏ తీరు మేలో ముందుగా తెలియదు గనుక పురపాలకులు మూడు తీరులను నిర్మించి చూచిరి: నిలిపిన కార్లకును కదలు కార్లకును నడుమ గీచిన పట్టీ మొదటిది, నిలిపిన కార్లకును వీధి అంచునకును నడుమ, సిమెంటు దిమ్మెల చాటున అమర్చిన దారి రెండవది, వీధికి దూరముగా, కాలిబాట చెంత వేసిన ప్రత్యేక పథము మూడవది. రాబర్టు సోమర్, డేల్ లాట్ అను విశ్వవిద్యాలయ పరిశోధకులు తొక్కువారి నడవడిని పరిశీలించి, వారి అభిప్రాయములను సేకరించిరి. చూపునకు మిక్కిలి సురక్షితముగ తోచు రెండవ తీరు సికమోర్ లేన్ అను వీధిలో నిరాశనే మిగిల్చెను. వీధి పొడవునను నిలిచియున్న కార్లు సైకిలువానిని కాపాడుచుండిన మాట నిజమే. కాని అవియే అతనిని కారు నడుపువాని కంటికి కానరాకుండ మఱుగుపఱచుచుండెను. కూడలిలో కారు ప్రక్కకు తిరుగు క్షణమున ఉభయులును ఒకరి కొకరు హఠాత్తుగా ప్రత్యక్షమగుచుండిరి. ప్రమాదము దారి నడుమకంటె దారులు కలిసికొను చోటనే పొంచియుండునను పాఠమును డేవిస్ ఈ విధముగ నేర్చినది. నాడు విడిచిపెట్టిన చిక్కునకు దశాబ్దముల తరువాత పరిష్కారము లభించెను: 2015లో ఆ ఊరియందే, మూలలలో దిమ్మెలు కట్టి, తిరుగు కారు వేగము తగ్గించి, సైకిలువాడు ముందుగనే కానవచ్చునట్లు మలచిన కూడలి వెలసినది, అమెరికాలో నట్టి కూడళ్లలో నది మొదటివానిలో నొకటి.

కూడలిని గూర్చి చెప్పినదే దారుల కూర్పు నంతకును వర్తించును. చెరువుకట్ట ఎంత పొడవుగ, ఎంత దిట్టముగ నున్నను ఒక్క గండి చాలును, నీరు నిలువదు. అట్లే మూడు కిలోమీటర్ల చక్కని సైకిలుదారి ఒక వంతెనవద్దనో, రైలుగేటువద్దనో నూఱు మీటర్లు తెగినచో, పిల్లవానిని బడికి పంపదలచిన తండ్రికి ఆ మూడు కిలోమీటర్లును లేనట్లే యగును. కావున చిన్న ఊరు తన కొద్దిపాటి ధనముతో మొదట చేయవలసిన పని, ఉన్న వీధులను, కాలువగట్లను, పంటదారులను పటముపై గుర్తించి, ఎచ్చట తెగినవో ఆ తావులను కలుపుట. వెడల్పు, వాలు, వంపు అను కొలతలు దాని తరువాత వచ్చును. నడచువారును సైకిలువారును ఇరుదిశలను కలిసి పోవు దారికి అమెరికాలో సాధారణముగా 3 మీటర్ల వెడల్పు నిర్ణయింతురు. వాలు 20 మీటర్లకు 1 మీటరు మించకున్న మేలు. ఆ మాత్రపు ఎక్కుడులోనే, సైకిలుతో కలిసి 80 కిలోల బరువు గలవాడు గంటకు 10 కిలోమీటర్ల వేగమున పోవుటకు కేవలము భూమ్యాకర్షణను జయించుటకే సుమారు 110 వాట్ల సామర్థ్యము కావలెను. బడిపిల్లలకును, వృద్ధులకును, చక్రముల కుర్చీపై పోవువారికిని అంతకు మించిన వాలు అలవికానిది.

ఇక దారి అరుగుదలను గూర్చిన శాస్త్రమును పరికింతము; నిధుల ప్రశ్నకు మూలము ఇందే కలదు. ఇల్లినాయి రాష్ట్రమున ఒటావా పట్టణము చెంత 1958 మొదలు 1960 వఱకు పరీక్షార్థము కట్టిన రహదారులపై లారీలను అహోరాత్రములు త్రిప్పి, ఇంజనీర్లు ఒక సూత్రమును రాబట్టిరి: రోడ్డునకు కలుగు నష్టము ఇరుసుపై పడు బరువుయొక్క నాల్గవ ఘాతము ననుసరించి, ఇంచుమించుగా, పెరుగును. మనిషితో కూడ 90 కిలోల సైకిలునకు ఇరుసొక్కటికి 45 కిలోలు. 1,500 కిలోల కారునకు 750 కిలోలు. బరువు పదునేడింతలకు లోపే, కాని నాల్గవ ఘాతమునకు హెచ్చించినచో నష్టము డెబ్బది వేల యింతలను దాటును. లారీ మాటయో చెప్పనే అక్కఱలేదు. అనగా సైకిళ్లవలన సైకిలుదారి అరుగదు. నడచువారివలన అసలే అరుగదు. దానిని చెఱచునవి వాననీరు, చెట్లవేళ్లు, ఎండ, కాలము. అడుగున చేరిన తేమ పునాదిని మెత్తబరచును. తీయని నీటిని వెదకుచు వచ్చిన వేరు తారుపొరను క్రిందినుండి ఎత్తి, అడ్డముగ వరుసకట్టలు లేపును. ఆ కట్టపై చక్రము ఎగిరిపడిన నాటినుండి వృద్ధుడు ఆ దారిని మానివేయును. అందుచేతనే మీటరునకు 2 సెంటీమీటర్ల చొప్పున ప్రక్కవాలు పెట్టి నీటిని ఎప్పటికప్పుడు దించివేయుటయు, వేళ్లను గమనించి అడ్డు కట్టుటయు, అంచులందలి పొదలను కొట్టుటయు ఆ దారికి ప్రాణాధారములు. వాడుక తక్కువైనను ఈ పనులు తగ్గవు. వాడుక పెరిగినను ఇవి పెరుగవు. ఏటేటా, కాలముతోపాటు, అవి వచ్చుచునే యుండును.

ఈ స్వభావముగల వస్తువునకు ఏకమొత్తపు విరాళముకంటె కొలదిపాటి నిత్యప్రవాహమే తగిన ఆహారము. అయినను చిన్న ఊళ్లకు సామాన్యముగ లభించునది మొదటిదే. అమెరికా కేంద్రప్రభుత్వము 1991 నాటి రవాణా చట్టముతో నడకదారులకును, సైకిలుదారులకును గణనీయముగ ధనసహాయము చేయ మొదలిడినది. 2021 నాటి చట్టమున ఆ ధనములో కొంత భాగమును జనాభా తరగతులవారిగా పంచి, 5,000కు లోపు జనులున్న ప్రాంతములకు ప్రత్యేక భాగము నుంచినది. మహానగరములతో పోటీపడలేని పల్లెకు ఇది న్యాయమే. కాని సాధారణ నియమము ప్రకారము వ్యయములో నూటికి 20 వంతులు స్థానికులే సమకూర్చుకొనవలెను. పైగా ముందు తాము ఖర్చుపెట్టి, పిమ్మట లెక్కలు చూపి తిరిగి రాబట్టుకొనవలెను. ఇంజనీరు లేని ఊరు, ఖజానాలో నిలువ లేని ఊరు ఈ గుమ్మమువద్దనే ఆగిపోవును. ముందుగనే పటము గీచి, స్థలము గుర్తించి, స్వల్పమైన నిధి కూడబెట్టియున్న ఊరికి మాత్రమే ఆ సహాయము చేతికందును.

ఈ కొఱతను తీర్చు మార్గమును ఓరెగన్ రాష్ట్రము 1971లోనే కనుగొన్నది. డాన్ స్టాథోస్ అను శాసనసభ్యుడు ప్రతిపాదింపగా, గవర్నరు టామ్ మెకాల్ ఆమోదించిన చట్టమును ప్రజలు సైకిలు చట్టమని వ్యవహరించిరి. ఇంధనపు పన్ను, వాహనరుసుముల వలన రహదారి నిధికి చేరి, అచ్చటినుండి రాష్ట్రమునకును, కౌంటీలకును, పురములకును ముట్టు సొమ్ములో ఏటా కనీసము నూటికి ఒక వంతు కాలిబాటలకును సైకిలుదారులకును వ్యయింపవలెననుట దాని ప్రసిద్ధ భాగము. అంతకన్న బలీయమైన భాగము మఱొకటి కలదు: రహదారిని కొత్తగా వేసినను, తిరిగి కట్టినను, తావు మార్చినను అందు నడచువారికిని సైకిలువారికిని వసతి కల్పించియే తీరవలెను. అత్యల్పమైన ఊళ్లను చట్టము మఱువలేదు. ఆ నూటికొకవంతు సాలీనా 250 డాలర్లకు మించని పురములకు నిర్బంధము లేదు. ఒక యేటి సొమ్ము పనికి చాలకున్నచో పది సంవత్సరముల వఱకు ప్రత్యేక నిధిలో కూడబెట్టుకొనవచ్చును. వర్షాకాలపు నీటిని వేసవికి దాచునట్టి యీ వెసులుబాటే చిన్న ఊరికి పెద్ద అండ.

వాహనములవారు చెల్లించిన పన్నును నడచువారికి పెట్టుట ధర్మమా యని అడుగువారు నాడును ఉండిరి, నేడును కలరు. ఒటావా పరీక్షలే వారికి సమాధానము. రోడ్డును నలుగగొట్టని ప్రయాణికుడు, ప్రతి ప్రయాణమునను కారును ఇంటియందే విడిచి, ఆ రోడ్డు ఆయుర్దాయమును పెంచుచున్నాడు; అతనికై పెట్టిన ధనము రహదారికై పెట్టిన ధనమే.

ఓరెగన్ దక్షిణభాగమున బేర్ క్రీక్ అను ఏటి వెంట ఆష్‌లండ్, టాలెంట్, ఫీనిక్స్, మెడ్‌ఫర్డ్, సెంట్రల్ పాయింట్ అను పురములను కలుపుచు సుమారు 32 కిలోమీటర్లు సాగు హరితపథము ఈ చింతనకు ప్రత్యక్షోదాహరణము. 1970ల ఆదియందు మెడ్‌ఫర్డులో ఆరంభమైన ఆ దారి ముక్కముక్కగా, దశాబ్దములు పట్టి, ఒక్కటైనది. 1980లో రాష్ట్ర రాజ్యాంగ సవరణ రహదారి నిధిని రహదారి హద్దులకే పరిమితము చేయుటచే, ఏటిగట్టున పోవు పథములకు ఆ ఆధారము సన్నగిల్లెను. కేంద్రసహాయములు, పౌరుల విరాళములు, పురముల వాటాలు కూడి ఆ వెలితిని పూరించెను. అయితే 2020 సెప్టెంబరు 8న ఆష్‌లండ్ చెంత అంటుకొనిన అల్మీడా కార్చిచ్చు, గాలికి చెలరేగి, ఈ ఏటి వెంటనే పరుగిడి, టాలెంట్, ఫీనిక్స్ పురములలో రెండు వేలకు పైగా గృహములను భస్మము గావించినది. ఏటిగట్టున దట్టముగ పెరిగిన ముండ్లపొదలును ఎండుగడ్డియును ఆ మంటకు ఆహారమైనవి. నాటినుండి అచ్చట పొదలను తొలగించు పని దారి నిర్వహణలోనే గాక ప్రాణరక్షణలోను భాగమైనది. కట్టినదారిని చూచుకొనుటకు డబ్బు మిగుల్చుకొనుట ఐచ్ఛికము కాదని ఇంతకన్న దారుణముగ చెప్పగల నిదర్శనము లేదు.

మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 2012లో వెలువరించిన మార్గదర్శకములు కాలిబాటపై కనీసము 1.8 మీటర్ల నిరాటంకమైన వెడల్పు నుంచవలెనని చెప్పినవి. కొలత మనకును తెలియును. ఇక కావలసినది, ఆ కొలతకు ఏటేటా అన్నము పెట్టు పద్దు. పురపాలక సంఘము బడ్జెటు కూర్చునాడు నడకదారి, సైకిలుదారి అను శీర్షికతో ఒక పద్దు, అది నూటికి ఒక వంతే యైనను, ఎవరి దయకును లోబడకుండ, వాడనిచో మఱుసటి యేటికి చేరునట్లు వ్రాసికొనవలెను. తెగిన తావుల పటము ఆ పద్దునకు జతగా నుండవలెను. కొత్త లేఅవుటునకు అనుమతి నిచ్చునపుడే దారి స్థలమును కాగితముపై చేర్పించుకొనవలెను, ఇండ్లు లేచిన తరువాత ఆ స్థలము ఏ ధరకును దొరకదు. ఈ మూడును ఏ మారుమూల పురమునకైనను సాధ్యమైనవి. ఇవి యున్న ఊరికి పైనుండి వచ్చు పెద్ద విరాళము వరమగును. లేని ఊరికి ఆ విరాళము రెండు వానకాలములకే పగుళ్లు విచ్చు తారుపొరగా మిగులును.