నూతిగట్టు మీది మోటారు

చేదలును గిలకలును మూలబడిన నాటినుండి నూతికిని వంటయింటికిని నడుమ దూరము తగ్గినమాట నిజమే గాని, గట్టుమీది మోటారు మూగవోయిన దినమున ఇల్లంతయు స్తంభించును. గోదావరి డెల్టా గ్రామములలోవలె నీరు కొలది లోతుననే లభించుచోట, మిస్త్రీ రాకకై ఎదురుచూడక, శ్రద్ధయు మరియొక మనిషి తోడును గలవారెవరైనను దానిని తామే మార్చుకొనవచ్చును.

క్రొత్తదానిని కొనుటకు ముందు పాతది నిజముగా చెడినదో లేదో విచారింపవలెను. స్విచ్చి వేయగా మోటారు తిరుగక గుంయ్యిమని మ్రోగుచున్నచో, దోషము తరచుగా కండెన్సరునందో, చాలకాలము వాడక విడిచినందున తుప్పుపట్టి బిగిసిన ఇరుసునందో ఉండును; కరెంటు పూర్తిగా తీసివేసి, వెనుకనున్న ఫ్యానును చేతితో త్రిప్పి చూచినచో ఇరుసు సంగతి తేలిపోవును. కమురువాసన వచ్చి, స్విచ్చి వేసినంతనే ఫ్యూజు పోవుచున్నచో వైండింగు కాలియుండును. మోటారు చక్కగా తిరుగుచున్నను నీరు రానియెడల మాత్రము దానిని నిందించుటకు తొందరపడరాదు.

ఏలయన, మోటారు నీటిని లాగునని మనమందరమును అనుకొందుము గాని, వాస్తవమునకు లోపలి చక్రము తనయందలి నీటిని వెలుపలికి విసరి, మధ్యభాగమున ఒత్తిడిని తగ్గించుట మాత్రమే చేయును. నూతినీటిపై సదా బరువు మోపుచున్న వాతావరణమే ఆ నీటిని గొట్టములోనికి త్రోయును. పీల్చు పంపు పదునెనిమిది ఇటలీ మూరలకు మించి నీటిని ఎత్తజాలదని ఒక పనివాడు చెప్పిన మాటను గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథమున ప్రస్తావించెను. గాలి బరువే అందుకు హేతువని ఆయన శిష్యుడు టారిచెల్లి 1644 నాటి లేఖలో వివరించెను. సముద్రమట్టమున ఆ హద్దు సుమారు 10.3 మీటర్లు, గొట్టములలోని రాపిడి మున్నగువానివలన ఆచరణలో 7 మీటర్లకు మించి నమ్ముకొనరాదు. కావున హార్సుపవరు ఎంత పెంచినను, 40 అడుగుల లోతుననున్న నీటిని గట్టుమీది మోటారు అందుకొనలేదు. దుకాణమున హార్సుపవరును గూర్చి అడుగువారే అధికులు. వేసవిలో నీరెంత లోతునకు దిగునో ముందుగా కొలిచి వెళ్ళువారు అరుదు. తెలంగాణ మెట్టభూములలోవలె నీరు వందల అడుగుల బోరులో నున్నచో, నీటిలోనే మునిగి దానిని క్రిందినుండి పైకి త్రోయు సబ్మెర్సిబుల్ మోటారే శరణ్యము. ఆ గొట్టముల బరువును పైకి తీయుట ఇంటివారి పని కాదు.

ఇక మార్చు విధము. మెయిను కట్టి, ఫ్యూజు క్యారియరును ఊడదీసి, దానిని పని ముగియువరకు మీయొద్దనే ఉంచుకొనవలెను. కరెంటు తీసిన పిదప కూడ కండెన్సరు కొంత విద్యుత్తును దాచుకొనియుండును గనుక దాని కొనలను తాకరాదు. ఏ తీగ ఎక్కడ కలిసినదో గుర్తుపెట్టుకొని, గొట్టమును మోటారుతో కలుపు యూనియనును విప్పుటకు ముందే పీల్చు గొట్టమునకు గట్టి త్రాడు కట్టవలెను. లేనియెడల అది జారి నూతిపాలగును. గొట్టమును పైకి తీసినప్పుడు అడుగున నున్న ఫుట్‌వాల్వును తప్పక పరీక్షింపుడు. దాని మూతలో ఇసుకరేణువు చిక్కినను నీరు క్రిందికి జారిపోయి, మంచి మోటారు సయితము వట్టిగా తిరుగును. పాతబడినచో మోటారుతోపాటు దానిని కూడ మార్చుటయే మేలు.

గొట్టము ఎంత బరువుగానున్నను, ఎంత బిగిసినను, దానికొరకు నూతిలోనికి దిగరాదు. చిరకాలము కదలని నూతులలో ప్రాణవాయువు క్షీణించి విషవాయువులు నిలిచియుండును. దిగినవానిని కాపాడబోయి మరియొకడు, వానికై ఇంకొకడు ప్రాణములు గోల్పోయిన ఉదంతములు మన పల్లెలలో పలుమారులు సంభవించినవి. ఆ పని తగిన సాధనములు గలవారికి విడువవలెను.

క్రొత్తదానిని అమర్చునప్పుడు శ్రమయంతయు గాలి చొరకుండ చూచుటయందే ఉన్నది. మరలపై టెఫ్లాన్ టేపును అవి బిగియు దిశలోనే చుట్టవలెను. పీల్చు గొట్టము మోటారు వైపునకు క్రమముగా ఎక్కుచు రావలెనే గాని నడుమ మూపురమువలె లేవరాదు, అచ్చట గాలి నిలిచిపోవును. ఫుట్‌వాల్వు వేసవియందును నీట మునిగియుండునట్లు, బురదకు మాత్రము ఒకటి రెండడుగుల పైనుండునట్లు వ్రేలాడదీయుడు. ఎర్తు తీగను తప్పక కలుపవలెను. తడి గట్టుమీద నిలిచి మోటారును తాకువారికి అదియే రక్ష.

పిదప పైబిరడా విప్పి, బుడగలు ఆగి నీరు అంచువరకు నిలుచునంతవరకు నింపవలెను. నీరు లేకుండ త్రిప్పినచో లోపలి సీలు వేడెక్కి చెడును గనుక ఇక్కడ తొందర పనికిరాదు. పోసినకొలది నీరు దిగిపోవుచునే ఉన్నచో ఫుట్‌వాల్వు పట్టుటలేదని గ్రహించి గొట్టమును మరల పైకి తీయవలెను. నీరు నిలిచినయెడల బిరడా బిగించి స్విచ్చి వేయుడు. ధార వచ్చినంత మాత్రమున పని ముగిసినట్లు కాదు. రాత్రియంతయు కట్టివేసి, మరునాడు మరల నీరు పోయకయే ధార వచ్చినప్పుడు, కీళ్ళును వాల్వును సరిగా కుదిరినవని నమ్మవచ్చును.