కణంలో మారిన ప్రొటీన్‌ను ఏరేదెలా?

కణంలో వేల రకాల ప్రొటీన్లు కిక్కిరిసి ఉంటాయి. వాటిలో కొన్నింటికి కణమే ఫాస్ఫేట్ అనే చిన్న ముక్కను తగిలిస్తుంది. అది తగలగానే కొన్ని పని మొదలుపెడతాయి, కొన్ని ఆపేస్తాయి. ఈ సంగతి బయటపెట్టిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది.

మరి అంత గుంపులో ఫాస్ఫేట్ తగిలినవాటినే ఏరడం ఎలా? ఇసుకలో అయస్కాంతం తిప్పి ఇనుపరజను పట్టే ఆట మీరూ ఆడే ఉంటారు. కానీ ప్రొటీన్ ఇనుము కాదే! అందుకే సుమారు 3 మైక్రాన్ల పూసలు వాడతారు. వాటి లోపల ఐరన్ ఆక్సైడ్, పైన యాంటీబాడీలు. ఆ యాంటీబాడీలు ఫాస్ఫేట్ ఉన్న చోటునే పట్టుకుంటాయి.

కణాలను పగలగొట్టిన ద్రవంలో పూసలు కలిపి, చల్లగా ఉంచి మెల్లగా తిప్పుతారు. తర్వాత ట్యూబును అయస్కాంతం పక్కన పెట్టినప్పుడు చూడాలి! కాఫీరంగు ద్రవం కాసేపట్లో తేటపడి, పూసలన్నీ గోధుమరంగు మరకలా గోడకు అంటుకుంటాయి. ద్రవం తీసేసి, పూసల్ని పలుమార్లు కడిగి, పట్టుబడిన ప్రొటీన్లను విడదీసి పరీక్షిస్తారు.

ఒక్క జాగ్రత్త. ఫాస్ఫేట్‌ను ఊడగొట్టే ఎంజైములూ కణంలోనే ఉంటాయి. కణం పగిలినా అవి ఊరుకోవు. వాటిని ఆపే రసాయనం ముందే కలపకపోతే, పూసలు వెతికే గుర్తే చెరిగిపోతుంది.