ఛాయా మంత్రివర్గం

పార్లమెంటరీ వ్యవస్థలో ప్రతిపక్ష నాయకుడు ఒక్కొక్క ప్రభుత్వ శాఖను పరిశీలించడానికి తన పక్షంలోని ఒక్కొక్క సభ్యుని నియమించగా ఏర్పడే బృందాన్ని ఛాయా మంత్రివర్గం అంటారు. ఈ సంప్రదాయం బ్రిటన్‌లో స్థిరపడింది. అక్కడ లేబర్ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నపుడు ఈ బృందాన్ని ఆ పార్టీ ఎంపీలు ఎన్నుకొనేవారు. 2011లో ఎంపిక పూర్తిగా నాయకుని చేతికి వచ్చింది.

భారతదేశంలో ఇది చట్టం గుర్తించిన వ్యవస్థ కాదు. ఒడిశాలో 2024లో ప్రతిపక్ష నాయకుడైన నవీన్ పట్నాయక్ తన పార్టీ శాసనసభ్యులలో 50 మందికి శాఖలవారీ బాధ్యతలు పంచారు.

తెలంగాణలో 2019లో ఛాయా మంత్రివర్గం మాట అటుంచి, ప్రతిపక్ష నాయకుని పదవే నిలవలేదు. 119 స్థానాల సభలో ఆ హోదాకు పదోవంతు, అనగా 12 మంది సభ్యులు అవసరం. 2018 ఎన్నికలలో 19 స్థానాలు గెలిచిన కాంగ్రెస్ తరఫున మల్లు భట్టివిక్రమార్క 2019 జనవరిలో ఆ పదవి చేపట్టారు. ఒకరు ఎంపీగా ఎన్నికై రాజీనామా చేయగా, మిగిలిన 18 మందిలో 12 మంది జూన్‌లో తెరాసలో విలీనమయ్యారు. ఈ సంఖ్య ఫిరాయింపుల నిరోధక చట్టం కోరే మూడింట రెండు వంతులకు సరిగ్గా సమానం. సరూర్‌నగర్ ప్రాంతం విస్తరించిన రెండు నియోజకవర్గాల సభ్యులూ, అనగా ఎల్బీనగర్ నుండి దేవిరెడ్డి సుధీర్ రెడ్డి, మహేశ్వరం నుండి సబితా ఇంద్రారెడ్డి, వారిలో ఉన్నారు. పూర్వం హోంమంత్రిగా పనిచేసిన సబిత వంటివారి అనుభవమే ఛాయా మంత్రివర్గానికి ముఖ్యం. కాని ఆమె సెప్టెంబరులో ప్రభుత్వంలోనే విద్యాశాఖ మంత్రి అయ్యారు. 2023 ఎన్నికలలో ఈ ఇద్దరూ భారాసగా పేరు మారిన అదే పార్టీ తరఫున గెలిచి, ప్రతిపక్షంలో కూర్చున్నారు.